ఠాణా అరుగు మీది నల్లబల్ల

పంతులమ్మ పోయిందని సోమవారం పొద్దున ఆమె మనవరాలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయిందట. తొంభై దాటినా ఎవరిచేతా ఒక పని చేయించుకోని మనిషి. నాకు ఏడుపు రాలేదు. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఆమె ముందుకు నలిగిన చొక్కాతో ఎన్నడూ వెళ్లలేదు మరి.

మీలో చాలామందికి ఆమె తెలియదు. ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న ఈ కొండాపూర్ వైపు బండరాళ్లు, సీతాఫలం చెట్లు తప్ప మరేమీ లేని రోజుల్లో ఆమె ఇక్కడి ఊరి బడిలో పంతులమ్మ. డెబ్బైల మొదట్లో నేను ఇక్కడి ఠాణాలో కొత్తగా చేరిన రైటర్‌ని, అంటే కాగితాలు రాసే కానిస్టేబుల్‌ని.

పైనుంచి ఏదో సర్క్యులర్ వస్తే, ఠాణా పనితీరు చూసి మంచీచెడ్డా చెప్పడానికి మా ఎస్సై గారు ఊళ్లవాళ్లతో ఒక కమిటీ వేశారు, అందులో పంతులమ్మ కూడా ఉంది. పెద్దమనుషులు వచ్చారు, చాయ్ తాగారు, అంతా బాగుందన్నారు, వెళ్లిపోయారు. పంతులమ్మ మాత్రం కదల్లేదు.

“మీరు నడుచుకునే రూల్సు పుస్తకం ఒకసారి ఇస్తరా సార్?” అంది.

వెతికితే దొరికింది. కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది. ఆమె దాన్ని ఇంటికి తీసుకెళ్లి నెలరోజులు పెన్సిలుతో గీతలు గీస్తూ చదివింది. ఆ తర్వాత మా రూల్సు మాకంటే ఆమెకే బాగా తెలుసు. అదెంత తలనొప్పో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

“పట్టుకొచ్చిన మనిషి సంగతి ఇంటోళ్లకు చెప్పాలని ఇందుల రాసున్నది. మీరు చెప్తలేరు. ఆడోళ్లు ఠాణా ఠాణా తిరిగి పరేషాన్ అయితున్నరు.”

“చెప్పి రావడానికి మనుషులేరండీ, పంతులమ్మగారూ?” అన్నారు ఎస్సై గారు.

మర్నాడు బడి నుంచి పాత నల్లబల్ల ఒకటి ఎడ్లబండి మీద వచ్చింది. దాన్ని ఠాణా అరుగు మీద గోడకు తగిలించాం. లోపల ఎవరున్నా పేరు, ఊరు, ఎందుకు తెచ్చామో దాని మీద రాయాలి. రాసే పని నాది. వారం రోజుల ముచ్చటలే అనుకున్నాం. ఆమె ప్రతి సోమవారం బడికి ముందే వచ్చి, బోర్డు చదివి, లోపలికి తొంగిచూసి, రెండూ సరిపోతే “మంచిగున్నది” అని వెళ్లేది. అక్షరాలు గుండ్రంగా లేకపోతే నాకు చీవాట్లు.

నాకు ఒళ్లు మండేది. “మా మీద నిఘానా అమ్మా?” అని అడిగేశాను ఒకసారి.

“నిఘా కాదు బిడ్డా. రేపు నువ్వు లేనిపోని మాట పడొద్దని నీ పక్కన నిలబడ్డ,” అంది. అప్పుడు నమ్మలేదు.

ఏడాది తిరిగేసరికి ఊళ్లవాళ్లు మమ్మల్ని అడగడం మానేసి బోర్డే చూసుకునేవాళ్లు. మావాళ్లూ అంతే. నా కొంప ముంచింది అదే.

ఒకరోజు పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. నేను అత్యుత్సాహంతో బోర్డంతా తడిగుడ్డతో తుడిచి, రంగు సుద్దలతో ‘సుస్వాగతం’ అని రాసి, చుట్టూ పూలతీగ కూడా వేశాను. లోపల ఒక మనిషి ఉన్నాడు. ముందురోజు కల్లు దుకాణం దగ్గర గొడవలో పట్టుకొచ్చిన రాళ్లు కొట్టే అతను. అతని పేరూ ఆ తుడుపులోనే పోయింది. అతని భార్య చంకలో బిడ్డతో వచ్చి అడిగితే, గేటు దగ్గరి కానిస్టేబుల్ లోపలికి వెళ్లి చూడలేదు, బోర్డు చూశాడు. “ఈడ ఎవ్వరు లేరమ్మా,” అన్నాడు. ఆమె పక్క ఠాణాకు నడిచింది, అక్కడినుంచి ఇంకో ఠాణాకు. చివరికి దవాఖానకు వెళ్లి, శవాలుంచే గది ముందు నిలబడి మొగుడి ఆనవాళ్లు చెప్పింది.

సాయంత్రం దారిలో ఆమె ఎదురైతే పంతులమ్మ వెంటబెట్టుకుని వచ్చింది. పూలతీగను చూసింది, లోపలున్న మనిషిని చూసింది. ఎవరూ అడగకముందే, తుడిచింది నేనేనని చెప్పేశాను.

ఎస్సై గారు అతన్ని వదిలేయమన్నారు. పంతులమ్మ ఆపింది.

“ముందు పేరు రాయి,” అంది నాతో. పూలతీగ చెరిపి రాశాను. “ఇగ నువ్వు తుడువు,” అంది అతనితో.

అతనికి చదువు రాదు. “గిది నా పేరా?” అని కాసేపు చూసి, తలగుడ్డ విప్పి నెమ్మదిగా తుడిచాడు. పొద్దుటినుంచి ఏడవని అతని భార్య అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

వాళ్లు వెళ్లాక, గండం గడిచిందనుకున్నాను. పంతులమ్మ నా కుర్చీలోనే కూర్చుని నా మీద ఫిర్యాదు రాసింది. రాసి నాకే చదివి వినిపించింది. “తప్పు రాస్తే చెప్పు,” అంది. ఒక్క తప్పూ లేదు.

“అమ్మా, నౌకరీ పోతది,” అన్నాను.

“పోవద్దనే ఇంకో కాగితం రాస్తున్న. అడగకముందే ఒప్పుకున్నడు, గిసొంటోడు ఠాణాల ఉండాలె అని.”

రెండు కాగితాలూ పైకి వెళ్లాయి. నౌకరీ నిలిచింది, సర్వీసు పుస్తకంలో మందలింపు పడింది. ఆ పేజీ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, ఆమె మీద ప్రేమగానూ ఉంటుంది. ఆ రోజు నుంచి మా ఠాణాలో పద్ధతి మారింది. పేరు రాసేది మేము, తుడిచేది బయటికి వెళ్లే మనిషి. నేనక్కడ ఉన్నన్నాళ్లూ ఇంకొకరి పేరు మీద గుడ్డ వేయలేదు.

అంత్యక్రియలైన మర్నాడు కొండాపూర్‌లో ఆమె ఉన్న అపార్ట్‌మెంట్‌కు మళ్లీ వెళ్లాను. గేటు దగ్గరి బోర్డు మీద నీళ్ల ట్యాంకర్ వేళల కింద, అంత్యక్రియల కబురు కోసం ఆమె పేరు సుద్దతో రాసి ఉంది. వాచ్‌మన్ తడిగుడ్డతో తుడవబోతున్నాడు.

“జర ఆగు భాయ్,” అన్నాను.

“ఎందుకు సార్? అయిపాయె గదా?”

“ఆ పేరున్న మనిషే వచ్చి తుడవాలె.”

అతను నన్ను అదోలా చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, ట్యాంకర్ వేళలు మాత్రం తుడిచి, గుడ్డ బకెట్‌లో వేశాడు. పేరు చుట్టూ తడి ఆరేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.