నాన్నతో ఒక గంట

కూర్చున్న చోటు నుంచి కదలకుండా ఒక మనిషి ఇస్నాపూర్‌లో సగం గల్లీలకు నిద్ర లేకుండా చేయగలడా? చేయగలడు. బి.ఇడి. చదివి, వెన్ను నిటారుగా పెట్టుకుని తిరిగే నేను చేశాను. వినండి.

కొండాపూర్‌లో మా తాతగారి ముందు ఎవరూ కూర్చునేవారు కాదు. నా కాలం వచ్చేసరికి పొలాలతో పాటు కుర్చీలూ అమ్ముడుపోయి, నేనే ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతి ముందు నిలబడ్డాను. అందుకే బడి యజమాని యాదగిరి, "పటేలా, కొత్త పాఠ్యప్రణాళిక రాయి. తల్లిదండ్రులకు నచ్చితే జూన్‌ల ప్రిన్సిపాల్ కుర్చీ నీదే" అన్నప్పుడు నాకు కుర్చీ ఒక్కటే వినపడింది. రాసేముందు పిల్లల ఇళ్లు ఒకసారి తిరిగి చూడమని కూడా అన్నాడు. ఒకరి ఇంటికి వెళ్లి అడిగే వంశమా మాది?

పాఠం పిల్లవాడి ఇంటి నుంచే మొదలవ్వాలని బి.ఇడి.లో చదివాను. బంగారంలాంటి సిద్ధాంతం. కానీ నాకు తెలిసిన పిల్లవాడు ఒక్కడే: నేను. మా నాన్నకు పనీపాటా లేదు. రోజంతా అరుగు మీద కూర్చుని, కాకి వాలితే దాని వంశచరిత్ర కూడా చెప్పేవారు. అందరి నాన్నలూ అంతే అనుకుని 'నాన్నతో ఒక గంట' అనే పాఠం అల్లాను. రోజూ సాయంత్రం నాలుగింటికి పిల్లలు నాన్న పక్కన కూర్చుని ఆయన పని గురించి అడగాలి. అమ్మ చెబితే చెల్లదు. అడగనివాళ్లకు మార్కులు లేవు.

మా పిల్లల నాన్నల్లో చాలామందిలా పటాన్‌చెరు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు సాయంత్రం నాలుగింటికి ఏ స్థితిలో ఉంటాడో మీకు తెలుసు. నాకు తెలియదు.

మర్నాడు శ్రీలత అనే పిల్లను నిలబెట్టి, నాన్న ఏం చెప్పాడమ్మా అన్నాను.

"'పో' అన్నడు సార్."

వెనక బెంచీ నుంచి ఇంకొకడు, "మా నాయిన చెప్పు ఇసిరిండు సార్."

బుద్ధి ఉన్నవాడు అక్కడే ఆగుతాడు. నేను రెండో సిద్ధాంతం బయటికి తీశాను: అదే అంశాన్ని పై తరగతుల్లో ఇంకా లోతుగా చెప్పాలి. నాలుగుకూ ఐదుకూ అదే పాఠం పెట్టాను. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో నాన్న మూడుసార్లు లేచాడు, ప్రతిసారీ ఇంకా లోతైన నిద్ర నుంచి.

శనివారం పొద్దున గేటు ముందు జనం. అందరి కళ్లూ కుంపట్లలా ఉన్నాయి. శ్రీలత తండ్రి మల్లేశం ముందుకు వచ్చాడు. నేను పాఠం లక్ష్యాలు వివరించబోయాను. ఆయన అరవలేదు.

"సారూ, రాత్రి మిషన్ కాడ కునికిన. పక్కనున్నోడు గుంజకపోతే చెయ్యి పోతుండె. నీ పాఠం ఎంత పెద్దదో నాకు తెల్వది. నా చెయ్యి కన్నా పెద్దదా?"

నేను లక్ష్యాల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

జనం వెళ్లాక యాదగిరి కుర్చీ మాటే ఎత్తలేదు. "పిల్లలను బడి మాన్పిస్తరట పటేలా. పోయి మాఫీ అడుగు. ముందుగాల మల్లేశాన్ని."

వెళ్లాను. ఇస్త్రీ చొక్కా తొడిగి, చెప్పాల్సిన మాటలు దారి పొడవునా వల్లెవేసుకుంటూ, బడి వదలగానే వెళ్లి, సరిగ్గా నాలుగింటికి తలుపు గట్టిగా కొట్టాను. తీయలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. చాలాసేపటికి మల్లేశం గోడ పట్టుకుని వచ్చి, ఒక కన్ను మాత్రం తెరిచి నన్ను చూశాడు.

"పిల్లలు సాలరని నువ్వే వచ్చినవా సారూ?"

ఆ కుర్చీలో ఇప్పుడు లెక్కల మేడమ్ కూర్చుంటున్నారు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. నిలబడే, మా ఏడు తరాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ పాఠ్యప్రణాళిక రాయను. రాయక తప్పకపోతే, ఎవరు ఎప్పుడు పడుకుంటారో ముందు కనుక్కుంటాను. కనుక్కోవడానికి మాత్రం ఇంకెవరినైనా పంపుతాను.