మేళం తరపు వాళ్ళం

తిరుపతిలో మా ఆఫీసుకు దగ్గర్లో ఒక భోజన హోటలుంది. అక్కడ ఇప్పటికీ అరిటాకులోనే వడ్డిస్తారు. నీళ్ళు చిలకరించి తుడిచిన పచ్చి ఆకు మీద పొగలు కక్కే అన్నం పడగానే ఆకు కొంచెం కమిలి ఒక వాసన లేస్తుంది చూడండి, ఆ వాసనకు ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం ముందు చెవుల్లో నాదస్వరం మోగుతుంది, ఆకలి తర్వాత గుర్తొస్తుంది. ఆ రెండింటికీ ముడిపెట్టిన వాడు మా తాత.

తాత చిత్తూరు బెల్లం మండీలో కాటా దగ్గర పనిచేసేవాడు. ఇంటికొచ్చేసరికి చొక్కా, చేతులు, చివరికి చెవుల వెనక కూడా కొత్తబెల్లం వాసనే. చదివింది మూడో తరగతి, సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకున్నది లేదు, కానీ నాదస్వరమంటే ప్రాణం పెట్టేవాడు. అందులోనూ పలమనేరు వైపు నుంచి వచ్చే ఒక ముసలి విద్వాంసుడి నాదస్వరమంటే. ఆయన్ను పేరుపెట్టి పిలవడం అమర్యాద అన్నట్టు తాత, తాత స్నేహితులు ‘పెద్దాయన’ అనే చెప్పుకునేవాళ్ళు. స్నేహితులంటే ఎంతోమంది కాదు, ఇద్దరే. ఒకరు మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న యేసుపాదం. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే, మిగిలిన ఆరురోజులూ మిషను తొక్కుతూ రాగాలు తీసేదీ ఆయనే. రెండో ఆయన దొరస్వామి, బస్సు కండక్టరు.

టికెట్లు కొని కచేరీలు వినే స్తోమత వీళ్ళకు లేదు, పెద్దాయన అలాంటి కచేరీలు చేసేదీ తక్కువ. ఆయన వాయించేది పెండ్లిండ్లలో. కాబట్టి వీళ్ళు పెండ్లిండ్లకు పోయేవాళ్ళు. ఎవరి పెండ్లి అంటే ఎవరిదైనా సరే. పలమనేరులో డోలు, నాదస్వరం పెట్టె బస్సు మీదికి ఎక్కాయంటే ఆ రూటు కండక్టర్ల నోటినుంచి నోటికి దొరస్వామికి కబురు అందిపోయేది. పెండ్లికూతురు పేరు తెలియకపోయినా ముహూర్తం ఎన్నింటికో, ఏ సత్రంలోనో వీళ్ళకు ముందే తెలుసు. ఆ పొద్దు తాత మండీకి సెలవు పెట్టి, గంజిపెట్టిన పంచె కట్టి, నుదుట బొట్టు పెట్టుకుని బయల్దేరుతుంటే మా అవ్వ గడపలో నిలబడి, “పోండి పోండి, మీరు పోకుంటే తాళి కట్టేవాడే లేడు ఆడ!” అని సాగనంపేది.

నన్ను కూడా వెంట తీసుకుపోయేవాడు. ప్రేమకొద్దీ అని చాలా ఏళ్ళు మురిసిపోయాను. పట్టుపావడా కట్టిన పిల్లను చేయిపట్టుకుని వచ్చే మనిషిని పెండ్లిలో ఎవరూ నిలదీయరని తాత ఎత్తు వేశాడని పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు. గుమ్మం దగ్గర పన్నీరు చల్లితే చల్లించుకునేవాళ్ళం, చందనం పూస్తే పూయించుకునేవాళ్ళం, కలకండ పెడితే నేను రెండు పిడికిళ్ళు పట్టేదాన్ని. మగపెండ్లివాళ్ళు మమ్మల్ని ఆడపెండ్లివాళ్ళు అనుకునేవాళ్ళు, ఆడపెండ్లివాళ్ళు మగపెండ్లివాళ్ళు అనుకునేవాళ్ళు. మేము తిన్నగా పోయి మేళం ముందర చాప మీద కూర్చునేవాళ్ళం. తాత తొడ మీద తాళం వేస్తాడు, యేసుపాదం కళ్ళు మూసుకుంటాడు, దొరస్వామి ఘాట్ రోడ్డులో పోయే బస్సులో నిలబడినట్టు రెండువైపులా ఊగుతాడు. వాళ్ళ నడుమ నేను.

అంతా బాగుండేది గానీ ఒక నియమం ఉండేది, అదే నా ప్రాణానికి వచ్చింది. అది యేసుపాదం పెట్టిన నియమం. “పాట వినేదానికి ఎవురి పిలుపూ అక్కర్లే. అన్నానికి పిలుపుండల్ల” అనేవాడు. కాబట్టి ఎంత పెద్ద పెండ్లయినా మేము చేయి కడిగేది లేదు. పక్క హాల్లో ఆకులు పరుస్తుంటారు. ఆకు మీద వేడన్నం పడిన వాసన, దాని వెనకే మామిడికాయ పప్పు, పులిహోర, నేతిలో వేగిన జీడిపప్పు, తమలపాకంత అప్పడం నూనెలో పడి చాటంత అయ్యే వాసన, అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చి నా ముక్కు దగ్గర కూర్చునేవి. ఇక్కడేమో పెద్దాయన కాంభోజి వాయిస్తుంటాడు. అందుకే నాకు కాంభోజి అంటే ఇప్పటికీ మామిడికాయ పప్పే.

వాళ్ళ కష్టం వేరే. పెండ్లిలో ముహూర్తం దగ్గరపడేకొద్దీ పెద్దాయనకు ఊపు వచ్చేది. అప్పుడే పెద్ద రాగం ఎత్తుకునేవాడు. అది పైకి పోయి, అక్కడ నిలబడి, కిందికి దిగబోతుందనగా పురోహితుడు మంటపం మీదినుంచి చేయి ఎత్తి ఆడించేవాడు. గట్టిమేళం! డోలు దడదడలాడిపోతుంది, రాగం ఎక్కడున్నది అక్కడ తెగిపోతుంది, జనం లేచి అక్షింతలు చల్లుతారు, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ఆ సంబరంలో మావాళ్ళ ముగ్గురి మొహాలు మాత్రం మాడిపోయి ఉండేవి. ఒకసారి పుత్తూరులో పెండ్లికొడుకు చిన్నాయన దొరస్వామి పక్కన కూర్చుని మెల్లిగా, “ఏమప్పా, ఈ సమ్మందం నీకి ఇష్టం లేదా?” అని అడిగాడు.

తిరిగి వచ్చాక పాత బస్టాండు ఎదురుగా ఉండే టిఫిను అంగడిలో అసలు కచేరీ జరిగేది. నాకు నాలుగు ఇడ్లీలు, నంజుకోను శెనక్కాయల ఊరిబిండి. వాళ్ళకు కాఫీలు. ఇక మొదలు. పెద్దాయన ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు, డోలు ఆయన ఎక్కడ తొందరపడ్డాడు, పోయిన మాఘంలో వాయించిన తోడికీ ఈ తోడికీ తేడా ఏమిటి. తాత నోటితో వాయించి చూపించేవాడు, “అట్ల కాదప్పా, ఇట్ల” అని యేసుపాదం సరిదిద్దేవాడు, ఇద్దరిదీ తప్పని దొరస్వామి విజిలు పట్టుకున్న చేత్తో గాలిలో గీసి చూపించేవాడు. అంగడాయన ఇడ్లీరేకులు దించుతూ వీళ్ళను తిట్టుకునేవాడు గానీ లేవమనేవాడు కాదు.

ఈ మాటల్లో ఎప్పుడూ ఒకచోట గొడవ వచ్చేది. నేను పుట్టకముందు ఏదో పల్లెలో తిరునాళ్ళప్పుడు తాత ఒక్కడే పెద్దాయన ఖరహరప్రియ రాగం మొత్తం విన్నాడట. ముహూర్తం లేదు, గట్టిమేళం లేదు. రాగంలో పైకి పోయినాయన దిగివస్తూ వస్తూ ఒకచోట ఆగి, ఉయ్యాలతొట్టిలో పిల్లను లేపీ లేపకుండా పిలిచినట్టు, చిన్న పలుకు ఒకటి పలికించాడట. ఆ పలుకు మళ్ళీ వినాలని తాత ప్రతి పెండ్లికీ పోయేవాడు. ప్రతిసారీ దానికి ముందే గట్టిమేళం వచ్చేది. తతిమ్మా ఇద్దరికీ నమ్మకం లేదు. “నువ్వు కలగన్నావులే” అనేవాడు దొరస్వామి. “పోనీ అది ఎట్లుంటాదో అను” అంటే తాత నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, “నాకి తెలుసు. నోట్లోకి రాదు, అంతే” అనేవాడు. ఆ ఎగతాళి తాతకు లోపల ఎంత గుచ్చుకునేదో ఇంట్లో అవ్వకు, నాకు తెలుసు.

ఒక ఏడు వైశాఖంలో దొరస్వామి చెడ్డ కబురు తెచ్చాడు. పెద్దాయనకు ముందుపళ్ళు కదులుతున్నాయి, నోట పెట్టుకునే నాదస్వరం పీక మీద పట్టు దొరకడం లేదు, తిరుచానూరులో ఒప్పుకున్న పెండ్లి అయ్యాక ఇక నాదస్వరం పక్కన పెట్టేస్తాడట. తాత ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతూ ఉండిపోయాడు.

తిరుచానూరు సత్రం జనంతో కిటకిటలాడుతోంది. పెద్దాయన ఖరహరప్రియే ఎత్తుకున్నాడు. తాత నా చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే నా గాజు ఒకటి విరిగింది. రాగం పైకి పోయింది, నిలబడింది, దిగబోయింది, పురోహితుడి చేయి లేచింది. అంతే. తాత తల వంచుకున్నాడు. ఈసారి దొరస్వామి కూడా ఎగతాళి చేయలేదు.

నేనేమో అప్పటికే ఆకలితో మండిపోతున్నాను. వీళ్ళ దుఃఖం చూసుకుని పక్క హాల్లోకి జారుకుని, ఖాళీగా ఉన్న ఆకు ముందు కూర్చున్నాను. పులిహోర సగం అయిందో లేదో పాయసం గిన్నె పట్టుకుని ఒక ముసలావిడ నా ముందు నిలబడింది. పెండ్లికూతురి అవ్వ అని తర్వాత తెలిసింది.

“ఎవురి పిల్లవమ్మా నువ్వు? ఆడపెండ్లోళ్ళ తరపా, మగపెండ్లోళ్ళ తరపా?”

నోటినిండా పులిహోర. అబద్ధం చెప్పడానికి వ్యవధి లేదు. “మేళం తరపు” అన్నాను.

ఆమె పడీపడీ నవ్వి, ఆరా తీసి, నా ఎంగిలి చేయి పట్టుకుని గుమ్మం దగ్గరికి లాక్కుపోయింది. నన్ను వెతకబోతూ చెప్పులు వేసుకుంటున్న ముగ్గురూ దొంగల్లా నిలబడిపోయారు. “పిలవలేదని మీకి రోసమా? నా మనవరాలి పెండ్లిలో అన్నం తినకుండా గడపదాటితే దానికి మంచిది గాదు. రాండి” అంది. ఆ మాటకు యేసుపాదం నియమం కూడా తలవంచింది. మేళంవాళ్ళ వరసలో, సాక్షాత్తూ పెద్దాయన పక్కన, మాకు ఆకులు వేయించింది.

పెద్దాయనే పలకరించాడు. “మిమ్మల్ని అన్ని పెండ్లిండ్లలోనూ సూస్తా ఉండాను. ఈ జిల్లాలో అందరికీ సుట్టాలేమో, పెద్ద వంశం అనుకున్నా.”

దొరస్వామి ఆగలేక తిరునాళ్ళ పలుకు కథంతా చెప్పేశాడు. పెద్దాయన మజ్జిగ తాగి చేయి కడుక్కుని, “ఈ పళ్ళు ఇంకెన్నాళ్ళుంటాయో. రాండప్పా, మొత్తం వాయిస్తాను” అన్నాడు.

ఎంగిలాకులు ఎత్తేసిన హాల్లో, తడి ఆరని నేల మీద కూర్చుని వాయించాడు. వంటవాళ్ళు గరిటెలు పట్టుకునే వచ్చి గోడకు ఆనుకున్నారు. పెండ్లికూతురి అవ్వ గడపలో కూలబడింది. చాలాసేపు వాయించి, పైకి పోయి, దిగి, మెల్లిగా ముగించాడు. ఆ పలుకు లేదు. యేసుపాదం, దొరస్వామి తాత వైపు చూడకుండా ఎటో చూస్తున్నారు.

“ఇదేనా?” అన్నాడు పెద్దాయన.

ఊ అని ఊరుకుంటే సరిపోయేది. తాత లేచి నిలబడి, చేతులు కట్టుకుని, “కాదు సామీ” అన్నాడు.

“అయితే నువ్వే అను.”

ఇన్నేళ్ళు టిఫిను అంగడిలో రాని పలుకు, బెల్లం మండీ మనిషి నోటినుంచి ఆ హాల్లో వచ్చింది. పెద్దాయన ఇంకోసారి అనమన్నాడు. మూడోసారికి పీక నోట పెట్టుకుని తాత వెంటే వాయించాడు. వాయించి, నాదస్వరం ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఇది మా నాయన వాయించేది. నేను మరిచేపోయినాను. ఇన్నాళ్ళు నీ దగ్గర ఉండాది సూడు” అన్నాడు. తాత చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. దొరస్వామి కండక్టరు సంచిలోంచి తువ్వాలు తీసి ఇచ్చాడు.

ఆ సాయంత్రం టిఫిను అంగడిలో నేను ఇడ్లీ వద్దన్నందుకు అంగడాయన నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూశాడు. కాఫీ సగంలో యేసుపాదం, “రెండోసారి అన్నప్పుడే బాగుండింది” అన్నాడు. “మూడోదే” అన్నాడు దొరస్వామి. గొడవ మొదలైంది. తాత మాత్రం జోక్యం చేసుకోకుండా హాయిగా నవ్వుతూ కూర్చున్నాడు. అంత సంతోషంగా తాతను నేను మళ్ళీ చూడలేదు.

వాళ్ళు ముగ్గురూ ఇప్పుడు లేరు. టిఫిను అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నాదస్వరం పోయిందని చాలామంది బాధపడుతుంటారు గానీ అది నిజం కాదు, మంచి మంచి కుర్రవాళ్ళు వాయిస్తున్నారు. పోయింది మేళం ముందరి చాప. దాని మీద కూర్చుని, విని, ఇంటికి పోయేదారిలో పోట్లాడుకునే మనుషులు పోయారు.

మొన్న తిరుచానూరులో మా సహోద్యోగి కూతురి పెండ్లికి పోయాను. ఈసారి పిలిచిన పెండ్లే. మంటపం పక్క మూలలో పాతికేళ్ళ అబ్బాయి ఒకడు నాదస్వరం వాయిస్తున్నాడు. వాడి ముందు వీడియోవాళ్ళ వైర్లు తప్ప మనిషి లేడు. నేను కుర్చీ లాక్కుని పోయి ఎదురుగా కూర్చున్నాను. వాడు చటుక్కున ఆపి, పీక తీసేసి, కంగారుగా లేచాడు.

“సౌండు ఎక్కువైందా మేడం? ఆపేయమన్నారా?”

“లేదు నాయనా, వినేదానికి వచ్చినాను. వాయించు” అన్నాను.

వాడు డోలు అబ్బాయి వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. సిగ్గుపడుతూ కూర్చుని పంచె సర్దుకున్నాడు.

“ఎవురూ వినరు గదా అని ఊరికే తిప్పుతా ఉండాను మేడం. ఉండండి, మొదట్నించి వాయిస్తాను.”