గ్రహణం నాటి కునుకు

రావులపాలెంలో కిరాణా కొట్టు కుక్కుటేశ్వరరావు భార్య రమాదేవికి కుదురుగా కూర్చోవడమన్నది అయిదేళ్ల కిందటే పోయింది. పప్పు పొయ్యి మీద పడేస్తుంది, కొట్లోకొచ్చి కూతుర్ని చూసుకుంటుంది, మళ్లీ లోపలికి పరిగెడుతుంది. ఆ పిల్లకి ఎడమ చెయ్యి మోచేతికి కాస్త కిందిదాకానే ఉంది. పుట్టడమే అలా పుట్టింది. మండుటెండల్లో కూడా తల్లి దానికి పొడుగు చేతుల గౌను తొడిగి, ఖాళీ కొసను మడిచి పిన్ను పెట్టేది. ఆ గడుగ్గాయేమో గౌను చేతిని పైకి ఎగదోసి, పొట్లాన్ని పొట్టి చేత్తో అదిమిపెట్టి, పురికొస పంటితో లాగి ముడేసేది. ఎవరైనా మెచ్చుకుంటే రమాదేవికి ఒళ్లు మండేది.

ఎనభయ్యో సంవత్సరం సూర్యగ్రహణం నాడు ఆమెకు ఏడో నెల. అత్తగారు మాణిక్యాంబ కిటికీలకు దుప్పట్లు కట్టి, కోడల్ని చీకటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టి, "కాలూ చెయ్యీ ముడవకమ్మా" అని చెప్పి గుమ్మంలో కాపలా కూర్చుంది. బిగుసుకుని పడుకున్న రమాదేవికి ఎప్పుడో కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి ఎడమ చెయ్యి ఒంటి కింద ముడుచుకుని ఉంది. ఎవరికీ చెప్పలేదు. పిల్ల పుట్టాక "కదిలే ఉంటుంది" అని ఊరంతా అంది, అత్తగారు మాత్రం ఒక్క మాటా అనలేదు. ఆ అనకపోవడమే ఆమెను ఎక్కువ కాల్చేది.

బళ్లో పిల్లలు గౌను కొస పట్టి లాగారని తెలిసిన రోజున ఇక ఆగలేకపోయింది. కట్టుడు చెయ్యి పెట్టించాలని కూతుర్ని రాజమండ్రి తీసుకెళ్లింది.

ఎముకల డాక్టరుగారు చేతిని వంచి చూశారు. "మోచెయ్యి బాగుందమ్మా, ఆపరేషన్ అక్కర్లేదు. కట్టుడు చెయ్యి చేయిద్దాం. ఎదిగేకొద్దీ మార్చాలి. పెట్టుకోనంటే మాత్రం బలవంతం చెయ్యకండి. తన పనులు తను చేసుకుంటోంది కదా."

రమాదేవి లేవలేదు. "నా వల్లేనండి ఇదంతా" అంటూ గ్రహణం సంగతి మొత్తం కక్కేసింది.

"ఏడో నెలా?" అన్నారాయన. "చెయ్యి ఏర్పడేది రెండో నెలలోనేనమ్మా. మీరు ఆ గదిలో పడుకునే నాటికే పాప చెయ్యి ఇలా ఉంది. ఎందుకిలా అవుతుందో చాలాసార్లు మాకే తెలీదు. మీ నిద్రకీ దీనికీ సంబంధం లేదు."

బస్సు ధవళేశ్వరం దాటినా ఆమె ఏడుపు ఆగలేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే అత్తగారికి తన కునుకుతో సహా అంతా చెప్పేసింది. చీవాట్లు తప్పవనుకుంది. మాణిక్యాంబ గుమ్మంలోనే కూలబడింది.

"అయితే నేను కునికినందుకు కాదా? కళ్లు తెరిచేసరికి నువ్వు చెయ్యి ముడుచుకుని పడుకున్నావు. మేలుకుని ఉంటే లేపి సర్దేదాన్ని. ఆ పాపం నాదేననుకుంటున్నానే ఇన్నాళ్లూ!"

రమాదేవికి ముందు కోపం ముంచుకొచ్చింది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఇన్నేళ్లలో ఒక్క మాట చెప్పలేదు. తను మాత్రం చెప్పిందా? ముసలావిడ పక్కనే చతికిలబడి ఆమె చేతులు పట్టుకుంది.

కాసేపటికి మాణిక్యాంబ కళ్లు తుడుచుకుని మనవరాలిని దగ్గరికి లాక్కుంది. పిన్ను ఊడదీసింది.

"కత్తెర తీసుకురా రమా. ఈ ఎండల్లో పిల్లని ఉడకబెట్టేస్తున్నాం."