తెప్పించిన కాఫీ

మా అమ్మ చేపల పులుసు రుచి ఇందుకూరుపేట నుంచి మైపాడు దాకా తెలుసు. నాన్న పోయాక రోడ్డు పక్కన తాటాకు పందిరి వేసి, బండ్లవాళ్ళకు అన్నం వండిపెట్టి, నన్ను టీచరు ట్రైనింగు దాకా చదివించింది. అరవైల మొదట్లో పంచాయతీ నుంచి నోటీసు వచ్చింది. లైసెన్సు లేకుండా అన్నం అమ్మితే పొయ్యి ఆర్పిస్తారట. తోళ్ళ షెడ్డుకి, సున్నపు బట్టీకి, మా అమ్మ పులుసుకి ఒకటే రకం లైసెన్సు. జనానికి ఇబ్బంది చేసే వ్యాపారాల జాబితాలో అన్నం పెట్టడాన్ని కూడా చేర్చిన మహానుభావుడెవరో గాని, ఆకలితో ఏనాడూ రోడ్డున పడినవాడు కాదు.

దరఖాస్తు నేనే రాశాను. అడిగినవన్నీ అమ్మ చేసింది. మట్టి నేల తవ్వించి గచ్చు వేయించింది. పొగ పోవడానికి గొట్టం పెట్టించింది. నీళ్ళ కాగుకి మూత చేయించింది. టీకాలు వేయించుకుని, ఒంట్లో ఏ జబ్బూ లేదని డాక్టరు చేత కాగితం రాయించుకుంది. ఇల్లలకగానే పండగ కాదని తెలిసి కూడా, ఆ ఆదివారం కొత్త గచ్చు మీద కూచుని ప్రార్థన చేసుకున్నాం. ఇక హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, బాగుందని రాయడమే మిగిలింది.

ఆయన పెద్దకులంవాడు. మేం చర్చికి పోతున్నా ఊరి కళ్ళకు అంటరానివాళ్ళమే. అలాంటి అధికారి మా పేటకు వస్తే మా చేతి నీళ్ళు ఇవ్వకూడదు. బ్రాహ్మణుల కాఫీ హోటలు నుంచి, వాళ్ళ గ్లాసులోనే తెప్పించి ఇవ్వాలి. అదే మాకు తెలిసిన మర్యాద. అమ్మ కాఫీకి నీళ్ళు పెట్టబోతే నేనే వద్దని, పరుగున పోయి హోటలు కాఫీ తెచ్చాను. చదువుకున్నదాన్ని కదా, నాకన్నీ తెలుసనుకున్నాను.

ఆయన గచ్చు చూశాడు, గొట్టం చూశాడు, కాగు మూత ఎత్తి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. బల్ల మీద కూచోబెట్టి కాఫీ ఇచ్చాను. ఎవరు కలిపారని అడిగాడు.

"అయ్యా, తమరికి మా చేతిది ఎందుకని హోటల్లో తెచ్చినాను."

ఆయన మొత్తం తాగి, గ్లాసు పక్కన పెట్టాడు. "నాకు పెట్టేదానికే మీరు జంకినారు. ఊరోళ్ళకి ఎట్ట పెడతారమ్మా?"

రిపోర్టులో అదే రాశాడు, తన వంట శుభ్రత మీద దరఖాస్తుదారుకే నమ్మకం లేదని. లైసెన్సు రాలేదు. ఆయన వెతుక్కుంటున్న సాకును నేనే చేతికి అందించాను. అమ్మ కలిపి ఇస్తే తాగేవాడా? తాగేవాడు కాదు. కానీ ఎందుకు తాగలేదో రిపోర్టులో రాయలేడు కదా. ఇన్నేళ్ళకీ ఆయన మీద కోపం పోలేదు, నా మీద అసలే పోలేదు. అమ్మ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

పందిరి పీకేసిన మరుసటేడు ఊళ్ళో ఒక ఆసామి, చేపలూ మాంసమూ వడ్డించే మిలిటరీ హోటలు పెట్టాడు. ఆయనకు లైసెన్సు వారంలో వచ్చింది. జనమే రాలేదు. దాంతో అమ్మను వంటకు పిలిచాడు. పెరటి తలుపున రావాలి, అదే దారిన పోవాలి, వండింది తనేనని ఎవరితోనూ అనకూడదు. పులుసుకి పేరొచ్చింది. ఇన్‌స్పెక్టరు ఈ వైపు వస్తే అక్కడే భోంచేసేవాడు. పులుసు మారు అడిగి పోయించుకుంటుంటే అమ్మ వంటింటి కిటికీలోంచి చూసేదట.

ఒక మధ్యాహ్నం హోటల్లో ఎవరూ లేనప్పుడు అమ్మ నన్ను ముందు గదిలోకి తీసుకుపోయింది. గోడకు అద్దం కట్టించిన లైసెన్సు ఉంది. అమ్మకు చదువు రాదు.

"వండే మనిషి పేరు యాడన్నా రాసుండారేమో చూడు" అంది.

రెండుసార్లు చదివాను. ఆసామి పేరుంది, పంచాయతీ ముద్ర ఉంది. లేదమ్మా అన్నాను.

అమ్మ చెంగుతో అద్దం మీది దుమ్ము తుడిచింది. ముందు తలుపు తీసే ఉంది, అడ్డం చెప్పేవాళ్ళెవరూ లేరు. అయినా పెరటి దారినే బయటికి నడిచింది. నేనూ ఆమె వెనకే పోయాను.