ఊపిరి చూపించి ఇంటికెళ్ళే మరిది

మా మరిది మొన్న బుధవారం ఉదయం పోయాడు. కబురు విన్నవాళ్ళంతా లివరే అనుకున్నారు. డాక్టరు గుండె అన్నాడు. ఊరు కొంచెం నిరాశపడినట్టే ఉంది.

నౌపడ ఉప్పు మడుల్లో మేస్త్రీగా చేసేవాడు. తాగే రోజుల్లో, పొద్దు వాలే వేళకు అతని సైకిల్ చప్పుడు వినిపిస్తే చాలు, ఎదురింట్లో నా తోటికోడలు స్టవ్ కట్టేసేది. కూతురు పుస్తకం మూసేసేది. కొట్టేవాడు కాదు, పాటలు పాడేవాడు. ఆ పాట ఎప్పుడు ఏడుపవుతుందో, ఏడుపు ఎప్పుడు తిట్లవుతుందో తెలియక తల్లీకూతుళ్ళు బిగుసుకుపోయి కూర్చునేవారు. అతని సరదాకు రోజూ ఇద్దరి అన్నం చల్లారేది.

ఒకనాడు తోటికోడలు పెట్టె సర్దింది. "ఇంకొక్కసారి తాగొస్తే పిల్లని అట్టుకుని కోటబొమ్మాళి మా అమ్మోలింటికి ఎలిపోతాను" అంది. కేకలేయకుండా అంది. అందుకే అతనికి భయం పట్టుకుంది. తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"ఒదినా, నా మాట అది నమ్మదు. నీ ముక్కుని నమ్ముతాది. రోజూ నీకు ఊపిరి సూపించి ఇంటికెల్తాను."

"ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పొచ్చానురా. చివరికి నాకీ ఉద్యోగమా?" అన్నాను. అని, ఒప్పుకున్నాను.

ఆ రోజునుంచి సాయంత్రం నా గుమ్మం ముందు నిలబడి ఊదేవాడు. ఎదుట తోటికోడలు తలుపు గడియ మీద చెయ్యి వేసి నన్నే చూసేది. నేను "ఇంటికెళ్ళు" అన్నాకే ఆ చెయ్యి కదిలేది.

"తాగితే అంత సుఖంగా ఉండేదేట్రా?" అని ఒకసారి అడిగాను.

"సుఖం కాదొదినా. టేసన్లో బండి కోసం సూసినట్టుండేది. వస్తన్నాది, వస్తన్నాది అనిపిస్తాది. ఒక్కనాడూ ఎక్కింది నేదు."

ఒక సాయంత్రం నాకు జలుబు. ఎండుచేప ముక్కుకి కట్టినా తెలియని జలుబు. ఆ మాట ఒప్పుకోడానికి నామోషీ. ఎప్పటిలాగే "ఇంటికెళ్ళు" అన్నాను. అతను కదల్లేదు. నా ముఖంలోకి ఒకసారి చూసి, తల దించుకుని వెళ్ళాడు. తలనొప్పని చెప్పి, అన్నం కూడా తినకుండా అరుగు మీదే పడుకున్నాడట.

తెల్లారగానే వచ్చాడు.

"నిన్న తాగినాను ఒదినా. తెలిసీ వదిలేసినావు. నువ్వు కూడా నా మీద ఆశ ఒగ్గేసినావా?"

ఇన్నేళ్ళలో ఎవరి మాటకూ నేను అంత సిగ్గుపడలేదు.

"ఆశ కాదురా, ముక్కు పనిచెయ్యలేదు" అన్నాను.

ఇద్దరం వీధి దాటాం. ముందు నా తప్పు చెప్పాను, తర్వాత అతను తనది చెప్పాడు. తోటికోడలు మంచం కింద పెట్టెవైపు చూసింది. చాలాసేపు చూసింది.

"జలుబొస్తే సెప్పాల అక్కా" అంది చివరికి. "ఆ పూట నానే సూసుకుంటాను."

స్టవ్ వెలిగించింది. ఆ తర్వాత అతను తాగలేదు. ఊదడం మాత్రం మానలేదు. నా ఉద్యోగానికి రిటైర్మెంట్ రాలేదు.

బుధవారం అతన్ని వాకిట్లో పడుకోబెట్టారు. నోట్లో తులసినీళ్ళు పోశారు. నేను దగ్గరకు వంగాను. కడసారి ముఖం చూసుకుంటున్నాననుకుని అందరూ తప్పుకున్నారు. తోటికోడలు మాత్రం ఏడుపాపి, గడియ మీద చెయ్యి వేసి, గుమ్మంలోంచి నన్నే చూస్తోంది.

తులసి వాసన. దాని వెనక కొంచెం ఉప్పునీటి వాసన.

"ఇంటికెళ్ళు" అన్నాను.