సారు టీ తాగేవరకు మోసిన సంచి

పక్కింటి సారు గుండెపోటుతో పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేనూ మా అమ్మాయీ వనపర్తిలో ల్యాప్‌టాప్ దుకాణంలో ఉన్నాం. ఆయన అడిగి రమ్మన్న ప్రశ్నలే అడుగుతున్నాం. అన్నీ అక్కడే వదిలి మా ఊరు గోపాల్‌పేట బస్సెక్కాం. దినాలు అయ్యాక కూడా నాకు దుఃఖంతో పాటు చిరాకూ పోలేదు. సగం చెప్పి వెళ్లిపోయారు.

ఆయన కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మా అమ్మాయికి ప్రోగ్రాములు రాయడం నేర్పింది ఆయనే, వాళ్ల వరండాలో, తన పాత కంప్యూటర్ మీద. ఈమధ్యే అమ్మాయికి వనపర్తిలో ఒక చిన్న ఆఫీసులో పని దొరికింది. ల్యాప్‌టాప్ మాత్రం సొంతది తెచ్చుకోవాలన్నారు. నా దగ్గరున్నది చీటీ ఎత్తిన డబ్బు. ఒకసారి తప్పుది కొంటే మళ్లీ కొనలేం.

"ఏది కొనాలె సారూ?" అంటే ఆయన సూటిగా చెప్పేవారు కాదు.

"బస్సుల సీటు దొరుకుతదా బిడ్డకు?"

"పొద్దుగాల ఏడ దొరుకుతది? నిలబడే పోతది."

"మరి దుకాణమాయన అంటగడుతున్నదాని ఛార్జరే ఇటుకంత ఉంటది. మోసేది ఆయననా?"

మేము చూసొచ్చిన దాని బరువుకు సరిపడా పుస్తకాలు తూచి, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసాతో సహా సంచిలో పెట్టి అమ్మాయి భుజానికి తగిలించేవారు. తాను సాసర్లో టీ పోసుకుని తీరిగ్గా ఊదుకుంటూ తాగేవారు. అమ్మాయి భుజం మార్చిందో, "గిది వద్దు" అనేవారు. కప్పు కింద పెట్టాకే "ఇగ దించు బిడ్డా" అనడం.

తేలికది చూసొస్తే ఇంకో పేచీ. "మెమరీ తర్వాత పెంచుకునే జాగ ఉందా?" తేలికవాటిలో చాలావాటికి ఉండదట. ఉన్నవి బరువు. రెండూ కుదిరింది మా డబ్బుకు అందదు. నాగర్‌కర్నూల్ దాకా పోయి అడిగొచ్చి, విసిగి ఒకరోజు అనేశాను.

"జర పేరు చెప్పి పుణ్యం కట్టుకోండి సారూ. ఎంత పరేషాన్ చేస్తరు!"

ఆయన నవ్వారు. "అన్నీ ఒక్కదాంట్ల దొరకవమ్మా. ఏది ఇడుస్తవో నువ్వు చెప్పు, ఏది కొనాలెనో నేను చెప్త."

ఆ జవాబు చెప్పేలోపే ఆయన పోయారు.

పనిలో చేరే రోజు దగ్గరపడి మళ్లీ అదే దుకాణానికి వెళ్లాం. పెద్ద తెర వదిలేశాం. ఎక్కువ స్టోరేజీ వదిలేశాం. మెమరీ మొదటి నుంచే సరిపడా ఉన్న చిన్నది అడిగాం.

"గింత చిన్నదా అక్కా? గదే పైసలకు పెద్దది వస్తది" అన్నాడు దుకాణదారు.

"మోసేది నువ్వైతే పెద్దదే ఇయ్యి అన్నా" అంది మా అమ్మాయి.

బిల్లు రాయకముందే ఛార్జర్‌తో సహా సంచిలో పెట్టించాను. డబ్బా, నీళ్ల సీసా ఇంటి నుంచి తెచ్చినవే. అమ్మాయి సంచి తగిలించుకుని నిలబడింది. దుకాణదారు టీ తెప్పించాడు. నేను మెల్లగా తాగాను. అమ్మాయి భుజం మార్చలేదు.

కప్పు కింద పెట్టాను. "ఇగ దించు బిడ్డా" అన్న మాట ఇంకా వినబడాలన్నట్టు తను మాత్రం సంచి దించలేదు. వాకిలి వైపు చూస్తూ అలాగే నిలబడి ఉంది.