ఎర్రయ్య మావ మార్కులు

2023 జూన్. సముద్రంలో వేట నిషేధం ఎత్తేయడానికి నాలుగు రోజులుంది. బరంపురంలో మా రిపేరు షాపుల వీధిలో నాది మూడో కొట్టు. పడవల మీద వాడే జీపీఎస్‌లు, వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తాను. ఎదుటి కొట్టు సన్యాసిది, అదే పని. ఒకరి గిరాకీ ఒకరం లాక్కుంటాం. మంచి సోల్డరింగ్ మిషను మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

ఆ పొద్దున ఎర్రయ్య మావ జీపీఎస్‌ని తువ్వాలులో చుట్టి తెచ్చాడు. ముప్పై ఏళ్ళుగా వేట చేస్తున్న మనిషి. స్క్రీన్ నల్లబడిపోయింది. ఆ జీపీఎస్ కంపెనీకి ఈ చుట్టుపక్కల ఒక్కడే డీలరు. బాగవదు, కొత్తది కొనాలి, పాతదాంట్లోని మార్కులు రావు అని పంపేశాడట. పోటీకి పక్కన ఇంకో కొట్టు లేనివాడు అంతకన్నా ఎందుకు మాట్లాడతాడు!

మార్కులంటే సముద్రం అడుగున చేప దొరికే పారలు, అంటే రాతి దిబ్బలు, ఎక్కడున్నాయో చెప్పే అంకెలు. మావ దగ్గర నలభై ఒక్కటున్నాయి.

"కాగితం మీద రాసుకోలేదా మావా?"

"రాత్తే ఎవుడో ఒకడు సూడ్డేటి? అందుకే మిషన్లోనే ఎట్టీసాను."

నాకు ఒళ్ళు మండింది. ఇంటిల్లిపాదికీ తిండిపెట్టే విద్యంతా ఒక పెట్టెలో పెట్టి, తాళం కంపెనీవాడి చేతికిచ్చాడు. కానీ ఆ మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

విప్పి చూశాను. మెమరీ బాగుంది, డిస్‌ప్లే పోయింది. అదే మోడల్ పాత సెట్టు సన్యాసి దగ్గరుంది. ఆ పేరెత్తగానే మావ పెట్టె లాక్కున్నాడు.

"ఆడి బావమరిది పడవ మా రేవులోదే! నా పారలు ఆడు సూసీసేడంటే మా పిల్లలేటి తింతారు?"

సన్యాసికి ఉన్నదున్నట్టు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. వాడు తన పాత సెట్టు డిస్‌ప్లే విప్పి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"మావా, నేను ఈదికేసి తిరిగి కూకుంతాను. నమ్మకం లేకపోతే నీ తువ్వాలు నా కళ్ళకి కట్టీ."

మావ సిగ్గుపడ్డాడు. అయినా కుర్చీ తనే గుమ్మం బయట వీధివైపు తిప్పి వేశాడు.

డిస్‌ప్లే మార్చాక స్క్రీన్ వెలిగింది. లోపలి బోర్డు కూడా ముసలిదే, ఎంతసేపుంటుందో చెప్పలేను. మావకి నోటుబుక్కు, పెన్ను ఇచ్చి నేనూ బయటికెళ్ళి సన్యాసి పక్కన నిలబడ్డాను. గంట పట్టింది. మా వెనక మావ అంకెల్ని గొణుక్కుంటూ రాస్తుంటే, వినపడకుండా మేం గట్టిగా క్రికెట్ గురించి కొట్లాడుకున్నాం.

నోటుబుక్కు చొక్కాలో దోపుకుని మావ బయటికొచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇంక ఆ డీలరు కాళ్ళట్టుకోనక్కర్లేదు. నాకు నచ్చిన కంపెనీది కొనుక్కుంతాను" అన్నాడు.

అలాగే వేరే కంపెనీది కొన్నాడు. పడవలో బిగించే పని సన్యాసికిచ్చాడు! నాకు కాస్త చురుక్కుమంది, అబద్ధమెందుకు. కానీ నచ్చినచోటికి వెళ్ళే వీలు ఆయనకి తెచ్చిపెట్టింది నేనే కదా. గిరాకీ మనది కావాలంటే, వాళ్ళు వెళ్ళిపోయే తలుపు కూడా తెరిచే ఉంచాలని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఏ పడవ సెట్టు వచ్చినా, స్క్రీన్ వెలగగానే మార్కులు రాసుకోమని నోటుబుక్కు ఇచ్చి బయటికెళ్ళి నిలబడతాను.